తలకు పూసిన మందు

ఆ రోజు పొద్దున గంజి తాగబోతే నోట్లో ఉమ్మి ఆగలేదు. మింగినకొద్దీ ఊరుతూనే ఉంది. ఓణీ కొంగుతో తుడుచుకుంటుంటే అవ్వ చూసి నవ్వింది. "ఏమే, పండ్లొచ్చే పిల్లోని మాదిరి చొంగ కారుస్తాండావు?" అంది. నాకూ నవ్వొచ్చింది. కాసేపటికి కడుపులో మెలిపెట్టి వాంతి అయింది. ఒళ్ళంతా చెమటలు. ఎదురుగా ఉన్న అవ్వ మొహం మసగ్గా కనిపించింది. అప్పుడు ఇద్దరికీ భయమేసింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. నేను పదో తరగతి. తాడిపత్రి దగ్గర హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన గొర్రెలు కాసేవాడు, వాన పడితే శెనక్కాయ వేసేవాడు. నన్ను పెంచింది నాయన తల్లి, మా అవ్వ.

పేలంటే అందరూ నవ్వుతారు. నా తలకు పట్టేదాకా నేనూ నవ్వినదాన్నే. హాస్టల్లో నీళ్ళకు కరువు, తలస్నానం ఎప్పుడో ఒకసారి, ఒకే చాప మీద ముగ్గురం పడుకునేవాళ్ళం. ఒకరి తలలో పుట్టినవి అందరి తలల్లో కాపురాలు పెట్టాయి. గోకి గోకి చెవుల వెనక పుండ్లు పడి చీము పట్టింది. మెడ మీద బిళ్ళలు కట్టి జ్వరం వచ్చేది. నిద్ర లేక క్లాసులో తూగేదాన్ని. వీటన్నిటికంటే, పక్కన కూర్చునే పిల్ల మెల్లగా జరిగి కూర్చోవడం ఎక్కువ నొప్పి పెట్టేది. చివరికి వార్డెన్ మేడం తల శుభ్రం చేసుకుని రమ్మని ఇంటికి పంపింది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి.

అవ్వ నా జడ విప్పి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నిన్ను కొరుక్క తినేస్తాండాయి కదే" అంది. వేపాకు నూరి పెట్టింది. పేల దువ్వెనతో దువ్వింది. పుండ్ల మీద దువ్వెన తగిలినప్పుడల్లా నేను అరిచేదాన్ని. ఆ అరుపు నాకంటే ఆమెకే ఎక్కువ బాధ.

అంతకు కొద్ది రోజుల ముందే మా గొర్రెలకూ పేలు పడ్డాయి. అది కరువు ఏడాది. మేత లేక బక్కచిక్కిన వాటినే అవి ఎక్కువగా పట్టుకుంటాయి. గొర్రెలు రాతిగోడలకు ఒళ్ళు రుద్దుకుని ఉన్ని అంతా ఊడగొట్టుకున్నాయి. ఒక గొర్రెపిల్ల పాలిపోయి చచ్చిపోయింది. నాయన శెనక్కాయ పంటకు కొట్టే పురుగుమందు నీళ్ళలో కలిపి మందనంతా కడిగాడు. మా వైపు గొర్రెలోళ్ళు చాలామంది అప్పట్లో అట్లే చేసేవాళ్ళు. పేలు రాలిపోయాయి, గొర్రెలు నిమ్మళంగా మేశాయి. అవ్వ అది కళ్ళారా చూసింది.

"పాలు తాగే గొర్రెపిల్లకే ఏం కాలే, ఇంత మనిషికి ఏమైతాది?" అనుకుంది. సీసాలో మిగిలిన మందు ఆముదంలో కలిపింది. పుండ్లు మండకుండా నోటితో ఊదుతూ, పాయ పాయకూ పూసి, గుడ్డ బిగించి కట్టింది. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు అని ఇప్పుడు నేను ఆమెను ఎగతాళి చేస్తాను గానీ, ఆ రాత్రి చాన్నాళ్ళకు గోక్కోకుండా నిద్రపోయాను. నన్ను అట్లా చూసి అవ్వ ఎంత సంతోషపడిందో నాకు తెలుసు.

తెల్లారి వాంతులు మొదలయ్యాక నాయన ఆటో తెచ్చాడు. దగ్గరి టౌన్లో చిన్న నర్సింగ్ హోంకు తీసుకుపోయారు. డాక్టరు నా కళ్ళలో టార్చి వేసి, "కంటిపాపలు సూదిమొనంత అయినాయి. పాయిజనింగ్. ఏం తాగింది?" అన్నాడు.

"ఏమీ తాగలేదు సార్" అంది అవ్వ. అది నిజమే కదా.

"పరీక్షల భయంతో తాగుంటుంది. మీకు చెప్తారా పిల్లలు?" అని ముక్కులో పైపు వేసి స్టమక్ వాష్ చేశాడు. నాయన నా చెవి దగ్గర వంగి, "చెప్పమ్మా, ఏమన్నా తాగినావా? నేనేమీ అనను" అన్నాడు. తాగలేదని తల ఊపాను. ఆయన కళ్ళలో అనుమానం పోలేదు. మందు కంటే అదే చేదుగా అనిపించింది.

ఇంజెక్షన్లతో కాస్త తేరుకుని మళ్ళీ జారిపోయాను. అనంతపురం పెద్దాసుపత్రికి పంపారు. దారంతా నా తల అవ్వ ఒళ్ళో ఉంది. చలిగాలి తగులుతుందని ఆ గుడ్డను ఇంకా బిగించి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది. విషాన్ని నా తలకు అదిమి పడుతున్నానని పాపం ఆమెకేం తెలుసు.

అక్కడ చూసింది ఒక లేడీ డాక్టరు. "విషానికి విరుగుడుగా ఇంత అట్రోపిన్ ఇచ్చాం, మళ్ళీ మళ్ళీ ఎందుకు దిగిపోతోంది?" అంటూ నా కళ్ళు చూడడానికి వంగింది. వాసన తగిలి ఆగిపోయింది. "ఈ గుడ్డేంటి? తలకేం పెట్టారు?"

అవ్వ దాచలేదు. "పేన్లు పోతాయని గొర్రెల మందు పూసినా తల్లీ."

"విషం కడుపులో లేదు, తల మీదుంది. ఆ పుండ్లలోంచి, నూనెతో కలిసి ఇప్పటికీ ఒంట్లోకి పోతోంది" అని డాక్టరు గట్టిగా అరిచింది. నా జుట్టంతా కత్తిరించి, తలను సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడిగారు. నడుము దాటే జడ నాది. అవ్వ ఆ జడ వైపు కూడా చూడలేదట. "బతుకుతాదా తల్లీ?" అని కనబడిన వాళ్ళందరినీ అడిగిందట.

తేరుకున్నాను. ఇడ్లీ తిన్నాను. ఇంటికి పోదామనుకుంటుంటే డాక్టరు వచ్చి, "దిండు మీంచి తల ఎత్తు చూద్దాం" అంది. ఎత్తలేకపోయాను. మెడ నాది కానట్టే ఉంది. సాయంత్రానికి ఊపిరి అందలేదు. "ఇంటర్మీడియట్ సిండ్రోమ్. విషం తగ్గిందనుకున్నాక కండరాలు పట్టు తప్పుతాయి, ఊపిరి కూడా ఆడదు. దీనికే నేను భయపడింది" అని ఐ.సి.యు.లో వెంటిలేటర్ పెట్టింది.

గొంతులో పైపు. మాట లేదు, అన్నీ వినబడతాయి. చచ్చిపోతానేమో అనుకున్నాను, చాలా భయపడ్డాను. అవ్వను లోపలికి పంపినప్పుడు నా కాళ్ళ దగ్గరే నిలబడి పాదాలు పట్టుకునేది. తలవైపు వచ్చేది కాదు. ఒక పొద్దున డాక్టరు మళ్ళీ "తల ఎత్తు" అంది. ఎత్తాను. ఎదురుగా అవ్వ ఏడుస్తూ నవ్వుతోంది. తర్వాత పైపు తీశారు.

ఇంటికొస్తే ఊరు ఇంకో కథ అల్లి పెట్టుకుంది. ఎవడి కోసమో మందు తాగిందట అన్నారు. నేను బయటికి రావడం మానేశాను. అవ్వ బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయి, అందరూ ఉన్నప్పుడే గొంతెత్తింది. "నా మనవరాలు ఏమీ తాగలే. గొర్రెల మందు దాని తలకు నేనే పూసినా. ఎవురేమి అడగాలన్నా నన్ను అడగండి." ఆ మాటతో ఊరి నోరు మూతపడింది. నాయన కూడా అప్పుడే నన్ను పూర్తిగా నమ్మాడనుకుంటాను. ఆ ఏడాది పరీక్షలు సప్లిమెంటరీలో రాశాను.

జుట్టు పెరిగింది. పై చదువుకు మళ్ళీ హాస్టల్లో చేరాను. పేలు మళ్ళీ పట్టాయి, హాస్టల్ అంటే హాస్టలే కదా! అవ్వ నా తల ముట్టనంది. "నా చేతులు మంచివి గావు" అంది. నేను దువ్వెన ఆమె చేతిలో పెట్టి ముందు కూర్చున్నాను. "నువ్వు దువ్వకపోతే ఎవురు దువ్వుతారు నాకు?" అన్నాను. చివరికి నా తల మీద చెయ్యి వేసింది. డాక్టరు చెప్పినట్టే తడి తలకు కొబ్బరినూనె రాసి, పాయలు తీసి, కుదుళ్ళ నుంచి దువ్వి తెల్లగుడ్డ మీద దులిపింది. పేలు పెట్టిన గుడ్లు, ఈపులు కూడా కనబడకుండా పోయేదాకా కొన్ని వారాలు అట్లే చేసింది. పేలు పోయాయి, తన చేతుల మీద ఆమెకున్న భయమూ పోయింది.

ఇప్పుడు మా ఊరి అంగన్‌వాడీలో పనిచేస్తున్నాను. పురుగుమందు వాసనొస్తే ఇప్పటికీ తల తిరుగుతుంది. మిగతా అంతా బాగున్నాను. పిల్లలు తల గోక్కుంటుంటే వాళ్ళ తల్లులకు దువ్వెన పని నేర్పుతాను. అవ్వ వచ్చి కూర్చుని, "నేను దీన్ని సంపబోయినా, మీరు ఆ పని చేయొద్దండమ్మా" అని తన తప్పు తానే చెప్తుంది. వద్దన్నా వినదు.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఆసుపత్రిలో "ఏం తాగింది, ఏం తినింది" అని అడుగుతారు. ఒంటికి ఏం పూశామో చాలాసార్లు అడగరు. అడగకపోయినా చెప్పండి, తిడతారని దాచొద్దండి. మా అవ్వ తిట్లకు భయపడి ఉంటే నేను లేను.