మావయ్య లారీకి కట్టిన కుండలు

ఆ రోజుల్లో నాకు రాని పని అంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలచుకుంటే, అసలు వచ్చిన పని ఒక్కటైనా ఉండేదా అని అనుమానం వస్తుంది గానీ, డిగ్రీ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఊరికే కూర్చున్న కుర్రాడికి అలాంటి అనుమానాలు రావు. ఒకసారి మా ఇంట్లో మిక్సీ ఆగిపోతే దాన్ని విప్పి, లోపలికి గంభీరంగా చూసి, మళ్ళీ బిగించాను. అది గిర్రున తిరిగింది. (నేను బిగించేలోపు పోయిన కరెంటు తిరిగి వచ్చిందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నేనూ గుర్తు చేయలేదు.) అప్పటి నుంచి మా వీధి మొత్తానికి నేను ఇంజినీరుని. నర్సీపట్నంలో అంతకంటే పెద్ద పదవి నాకు మళ్ళీ దొరకలేదు.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, ఒక పాత లారీకి ఓనరు, డ్రైవరు, క్లీనరు కూడా. చెరకు సీజన్లో చెరకు తోలేవాడు, అది అయిపోతే జీడిపిక్కల బస్తాలు, అవీ లేకపోతే ఇటుకలు. ఆ లారీని మేం ముద్దుగా తాబేలు అనేవాళ్ళం. దాని డాష్‌బోర్డులో ఓ స్టీరియో ఉండేది. స్టీరియో అన్నాక రెండు పక్కల నుంచీ వినబడాలి. ఇది ఏ పక్క నుంచీ సరిగ్గా వినబడేది కాదు. ఇంజను మోత మధ్యలో గాయకుడెవరో నూతిలో పడి సాయం కోసం అరుస్తున్నట్టుగా ఉండేది. పైగా దానికి ఇంకో గుణం కూడా ఉంది. మావయ్య హారను కొట్టాడంటే బ్యాటరీలో సత్తువంతా హారనే తాగేసేది, స్టీరియో ఒక్క క్షణం ఆరిపోయి, మళ్ళీ వెలిగి, పెన్‌డ్రైవులోని మొదటి పాట మొదటికి వెళ్ళిపోయేది. మన రోడ్ల మీద హారను కొట్టకుండా ఎంతదూరం వెళ్ళగలరు చెప్పండి? ఆ లారీలో నేను రెండో పాట విన్న జ్ఞాపకం లేదు.

ఒకరోజు అబిద్ సెంటర్‌లో టీ తాగుతూ మావయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. అంత మర్యాదగా ఎప్పుడూ వెయ్యడు. "ఒరే అల్లుడా, బండిలో పాట బాగా వినపడాలంటే ఏటి సెయ్యాల్రా?" అని అడిగాడు. ఎందుకంటే చెప్పడు. గ్లాసులోకి చూస్తాడు, రోడ్డు వంక చూస్తాడు. చివరికి బయటపడ్డాడు. రావికమతం దాటాక లోపలికి ఉండే ఒక ఊళ్ళో చెరకు లోడు ఎత్తుతుంటే, ఆ పొలం గలాయన కూతురు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చిందట. ఇస్తూ, "ఏటి పాటండీ అది? సరిగ్గా వినపడ్డం నేదు" అందట. అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని మావయ్య చెరకు సీజనంతా తిరిగాడు. అప్పటికే మావయ్యకి ముప్పై దాటాయి. వచ్చిన సంబంధాలన్నీ "లారీ తోలేవోడు ఒకకాడ నిలబడతాడేటి?" అని వెనక్కి వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఎలాగో మధ్యవర్తుల చేత అడిగిస్తే, ఆ అమ్మాయి తండ్రి "మా ఊరి అమ్మోరి పండగనాడు రండి, సుట్టాలంతా ఉంటారు" అని కబురు పెట్టాడట.

"ఇదే ఆకరు రా. ఇది కాపోతే నన్నింక పెళ్ళి మాటడక్కండి. నాను బండిలోనే ఎల్తాను. నన్ను సూసినోళ్ళు నా బండినీ సూడాల" అన్నాడు మావయ్య. నవ్వుతూనే అన్నాడు గానీ, టీ మాత్రం సగం వదిలేశాడు. మా మావయ్య టీ వదిలేయడం నేను చూడటం అదే మొదలు. మావయ్య పెళ్ళి నా చేతుల్లో ఉందని ఆ క్షణంలోనే నమ్మేశాను. నా చేతుల్లో ఉన్నది నిజానికి ఒక స్క్రూడ్రైవరు.

మొదట కోడిగుడ్ల అట్టలు తెచ్చి కేబిను లోపలంతా అంటించాను, ఇంజను మోత తగ్గుతుందని. మోత తగ్గలేదు గానీ, ఎక్కినవాళ్ళందరూ గుడ్లు ఎక్కడికి తోలుతున్నారని అడగడం మొదలుపెట్టారు. తర్వాత పాత సామాన్ల కొట్లో పెద్ద స్పీకర్లు రెండు సంపాదించి ప్లాస్టిక్ బకెట్లలో పెట్టాను. పాటకు బదులు బకెట్లే వినబడ్డాయి. అప్పుడు తట్టింది కుండ సంగతి. మట్టికుండ మూతికి స్పీకరు బిగిస్తే డప్పు దెబ్బ గుండెలో మోగుతుందని టీ కొట్టు పెట్టిన ప్రతివాడికీ తెలుసు. వైరు కోసం కుండ అడుగున బెజ్జం పెట్టబోయి చాలా కుండలు పగలగొట్టాను. కుండలమ్మే ముసలావిడ నేను మళ్ళీ మళ్ళీ రావడం చూసి, చివరికి గొంతు తగ్గించి, "మీ ఇంట్లో ఏటైనా జరిగిందేటి బాబూ?" అని అడిగింది.

కేబినులో ఆ కుండలకి చోటు లేదు. పెడితే మేమైనా కూర్చోవాలి, కుండలైనా కూర్చోవాలి. అందుకని తాబేలుకి ముందు ఉన్న వెడల్పాటి బంపరు మీద, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, పాత టైరు ముక్కలతో చుట్టకుదుళ్ళు చేసి కూర్చోబెట్టి ట్యూబులతో బిగించి కట్టాను. మూతులు ఆకాశంలోకి. "పాట వినాల్సింది మనం కాదు మావయ్యా, ఊరు. బండి కంటే ముందు పాట ఊళ్ళోకి వెళ్ళాలి" అని నా సిద్ధాంతం చెబితే, మావయ్య కళ్ళు మెరిశాయి. బేసు బాగా తెలియాలని పెన్‌డ్రైవులో మొట్టమొదట డప్పుల పాట పెట్టాను. స్విచ్చి వెయ్యగానే వచ్చిన మొదటి దెబ్బకి ఎదురింటి మేక తాడు తెంపుకుంది. మావయ్య నన్ను కౌగిలించుకున్నాడు.

మా అమ్మమ్మ మాత్రం నెత్తి కొట్టుకుంది. "ఒట్టికుండలు బండికి కట్టుకోని పెళ్ళిసూపులకెల్తార్రా? సూసినోళ్ళు ఏటనుకుంటారు?" అంటూ కుండలకి నిండుగా పసుపు పూసి కుంకం బొట్లు పెట్టింది. దుమ్ము పడకుండా స్పీకర్ల మీద గుడ్డ కావాలంటే తన పాత ఎర్రచీర చింపి మూతులకి కట్టింది. కొత్త సౌండుకి దిష్టి తగులుతుందని మావయ్య వేపమండలు తెచ్చి కుండల మెడకి చుట్టాడు. ఎవరి మట్టుకు వాళ్ళు చేసింది తెలివైన పనే. నేను ఓ అడుగు వెనక్కి వేసి చూసి, వైరింగు కనబడకుండా భలే కుదిరిందనుకున్నాను. అంతకుమించి నాకు ఏమీ కనబడలేదు. (ఇంజినీరుకి వైరింగు తప్ప ఏమీ కనబడదు.)

పండగనాటి పొద్దున్నే బయల్దేరాం. మావయ్య కొత్త తెల్లచొక్కా వేసుకున్నాడు. మధ్యలో అమ్మమ్మ, ఒళ్ళో పళ్ళూ పూలూ ఉన్న బుట్ట, కిటికీ పక్కన నేను. ఊరి మొదట్లోకి రాగానే డప్పుల పాట పూర్తి గొంతుతో వదిలాను. నేను అనుకున్నట్టే జరిగింది, పాట మాకంటే ముందు వెళ్ళింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు చెంబులతో, బిందెలతో బయటికి పరుగెత్తుకొచ్చారు. ఆ ఊళ్ళో అమ్మవారి పండగనాడు, పసుపు పూసి వేపమండలు కట్టిన ఘటాలని డప్పులతో ఇంటింటికీ తిప్పుతారు, ఆడవాళ్ళు ఎదురొచ్చి వాటి మీద పసుపునీళ్ళు పోస్తారు. ఆ సంగతి మాకు ముగ్గురికీ తెలుసు. మా దగ్గరా అలాగే చేస్తారు. అయినా ముగ్గురిలో ఒక్కరికీ బంపరు మీదున్నవి ఏమిటో తట్టలేదు.

"ఓలమ్మో! ఈ ఏడు అమ్మోరు లారీ ఎక్కి వచ్చీసింది!" అని ఓ ముసలమ్మ అరిచి, లారీకి ఎదురుగా సాష్టాంగపడింది. మావయ్య బ్రేకు తొక్కాడు. మొదటి చెంబు ఎడమ కుండ మీద, రెండోది కుడి కుండ మీద, తర్వాత ఎక్కడ పడితే అక్కడ. మావయ్య కంగారుపడి హారను కొట్టాడు. స్టీరియో ఆరి, వెలిగి, డప్పుల పాట మళ్ళీ మొదలైంది. జనానికి పూనకం వచ్చినంత పనైంది. ఇంకాస్త కంగారుపడి ఇంకోసారి కొట్టాడు. మళ్ళీ డప్పులు. "హారను కొట్టకు మావయ్యా!" అని నేను అరుస్తూనే ఉన్నాను. పక్కకి తిరిగి చూస్తే అమ్మమ్మ కళ్ళు మూసుకుని చేతులు జోడించి ఉంది. ఆ పసుపు తనే పూసిందన్న సంగతి అప్పటికే మరిచిపోయింది.

కుండల్లోకి నీళ్ళు దిగేకొద్దీ డప్పులు పోయి గుడగుడమని ఓ శబ్దం మొదలైంది. జనం చెవులు రిక్కించారు. "అమ్మోరు పలుకుతోంది" అని ఎవరో గుసగుసగా అన్నారు. ముసలమ్మ లేచి కిటికీ దగ్గరకొచ్చి, "ఏటి సెప్తంది బాబూ? ఈ ఏడు వానలు పడతాయా?" అని మావయ్యని అడిగింది. మావయ్య ఒకటే ధ్యాసలో ఉన్నాడు. "పడతాయమ్మా, పడతాయి! బేగి దారివ్వండి, మేం ఎల్లాల!" అన్నాడు. వానలు పడతాయన్న సంతోషంలో మిగిలిన బిందెలు కిటికీలోంచి మావయ్య మీద కుమ్మరించారు. తెల్లచొక్కా పసుపుపచ్చగా మారిపోయింది. పక్కనున్న పాపానికి నాకూ కొంత దక్కింది.

అప్పుడు సందు మలుపు తిరిగి అసలు డప్పులు వచ్చాయి. వెనకాల నెత్తిన ఘటం పెట్టుకున్న మనిషి. ఆయన వీధిలో జనాన్ని చూశాడు, లారీని చూశాడు, బంపరు మీది కుండలని చూశాడు. "మరి మేవెవరవండీ?" అన్నాడు దీనంగా. సరిగ్గా అప్పుడే ఎదురింట్లోంచి హారతి పళ్ళెంతో ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనే అమ్మాయి తండ్రి. పళ్ళెం పట్టుకుని ఎటు తిరగాలో తెలియక మధ్యలో ఆగిపోయాడు. ఎవరో కుండ మీది ఎర్రగుడ్డ ఎత్తి చూశారు. "ఓలమ్మో, ఇది స్పీకరు!" అన్నారు. "అమ్మోరి పేరు సెప్పి ఏసాలేస్తారేటి?" అని వెనకనుంచి మగగొంతులు లేచాయి.

"రివర్సు కొట్టు మావయ్యా" అన్నాను నేను. వెనకాల రోడ్డు ఖాళీగానే ఉంది. మావయ్య ఒకసారి అద్దంలోకి చూశాడు. తర్వాత ఇంజను ఆపేసి కిందికి దిగాడు. ఒంటినుంచి పసుపునీళ్ళు కారుతుండగా అందరి మధ్యా నిలబడి చేతులు కట్టుకున్నాడు. "అమ్మోరి మీదొట్టు, మేం అమ్మోరి పేరు సెప్పనేదు. పాట బాగా వినపడతాదనీసి కుండల్లో స్పీకర్లెట్టినాను. పసుపు మా యమ్మ పూసింది. నాను పిల్లని సూడ్డానికొచ్చినాను. తప్పైతే ఏటి సెయ్యమంటారో సెప్పండి, సేసీసి ఎల్తాను" అన్నాడు. 'ఎట్టినాను' అన్నాడు, గమనించారా? ఆ కుండలు నావి, బుద్ధి నాది, నిర్వాకమంతా నాది. నా పేరు మాత్రం ఎత్తలేదు. మావయ్య మీద అంత ప్రేమ నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు, కిటికీ అద్దం ఎత్తుకుని లోపలే కూర్చున్నప్పటికీ.

ముసలమ్మ మావయ్య మొహంలోకి చూసింది. "మరి వానలు పడతాయనీసినావు?" అంది. "ఆషాడం వస్తే పడవేటమ్మా?" అన్నాడు మావయ్య. అసలు ఘటం మోస్తున్నాయనే ముందు నవ్వాడు. నెత్తిమీద ఘటం ఊగిపోతుంటే రెండు చేతులతో పట్టుకుని మరీ నవ్వాడు. దాంతో వీధంతా నవ్వింది. నవ్వనిది ఇద్దరే, మావయ్య, హారతి పళ్ళెం పట్టుకున్న పెద్దాయన. ముసలమ్మ ఆయన వైపు తిరిగింది. "ఊళ్ళో ముత్తయిదువులంతా కలిసి పసుపునీళ్ళు పోసీసినాం. ఇంక ఈడు పెళ్ళికొడుకు కాపోతే ఏటవుతాడు? ఇలాగే ఎనక్కి పంపిస్తే ఊరికి మంచిదేటి?" అంది. పెద్దాయన "పిల్లనడగాలి కదమ్మా" అన్నాడు.

పిల్ల గుమ్మంలో స్తంభం పట్టుకుని, చీర చెంగు నోట్లో కుక్కుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. తండ్రి అడిగితే, నవ్వు ఆగాక చెబుతానని చేత్తో సైగ చేసింది. వీధి వీధంతా ఆ నవ్వు ఆగడం కోసం నిలబడింది. మావయ్య నేలవైపు చూస్తున్నాడు. చివరికి ఆ అమ్మాయి చెంగు తీసి, "పారిపోనేదు కద నాన్నా. నిలబడ్డాడు. నాకిష్టమే" అంది. మావయ్య తలెత్తలేదు. ఆయన మొహం మీద పసుపునీళ్ళు ఏవో, కన్నీళ్ళు ఏవో నాకు తెలియలేదు.

ఆ ఆషాఢంలో వానలు మామూలుగానే పడ్డాయి. అంతకుముందే పెళ్ళయింది. ఆ స్పీకర్లు మళ్ళీ పలకలేదు, లారీ కూడా ఏనాడో పాత ఇనుములోకి పోయింది. ఎవరైనా కొత్తవాళ్ళు ఇంటికి వస్తే చాలు, మా అత్త నన్ను చూపించి "మా పెళ్ళి సేసిన పంతులుగారు ఈయనే" అంటుంది, నా జుట్టు నెరిసిందన్న గౌరవం కూడా లేకుండా. ఇప్పుడు నా కారులో పాట ఎంత శుభ్రంగా వినబడుతుందో చెప్పలేను. గాయకుడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడుతుంది. అద్దాలు ఎత్తుకుని ఊళ్ళమ్మట వెళ్ళిపోతాను, ఒక్కరూ తలుపు తీసి చూడరు. ఏదైనా చెడిపోతే విప్పను, ఫోను చేస్తాను, ఎవరో వచ్చి బాగుచేసి వెళతారు. పాట బాగా వినబడితే మావయ్యకి పెళ్ళవుతుందని నమ్మిన ఆ కుర్రాడంటే నాకు ఒకప్పుడు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు లేదు. ఎప్పుడైనా ఎదురై, "ఈ కుండ కాస్త పట్టుకుంటారా, బెజ్జం పెట్టాలి" అంటే, నాకు పనుందని చెప్పను. పట్టుకుంటాను.