ఒకసారి లాగితే క్షేమం

తాండూరు బండలు పరిచిన మా వాకిలి మీద తొలకరి పడగానే తడి రాతి వాసన లేస్తుంది. అందరికీ అది హాయి. నాకు మాత్రం రెండు చెవులూ దిబ్బెళ్లు పడతాయి, ఊపిరి బిగబడుతుంది. ఇంత వయసొచ్చినా ఇదేం పిరికితనమని నా భార్య నవ్వుతుంది. సాయన్న మాత్రం ఎన్నడూ నవ్వలేదు.

సాయన్నది కుల్కచర్ల దగ్గర గొల్లల కుటుంబం. బావుల్లో పడ్డ గొర్రెపిల్లల్ని తీసీ తీసీ లోతు మర్మం నేర్చినవాడు. 1960ల మొదట్లో మేమిద్దరం తాండూరు పక్కన ఒక బండల గనిలో పనిచేశాం. వానలకు గని నిండితే ఇంజన్ పెట్టి నీళ్లు తోడేవారు. అడుగున పైపు మూతికి చెత్త అడ్డం పడితే ఎవరో ఒకరు మునిగి తీయాలి, లేదంటే అందరికీ పని బంద్. అది సాయన్న పని. ఆ ఏడు ఆయన చెవుల్లో చీము పట్టింది. మళ్లీ మునిగితే వినికిడి పోతుందని డాక్టరు చెప్పాడు. నాకు ఈత వచ్చు గనుక యజమాని నన్ను దిగమన్నాడు. ఈత వేరు, మునగడం వేరు. మా అన్న బావిలో మునిగి మళ్లీ పైకి రాలేదు.

"రాయి చేతుల పట్టుకొని దిగాలె, నర్సిమ్మా. చెవులు నొస్తే ముక్కు మూసి లోపల్నే ఊదు. పానం పరేషానైతే రాయి ఇడిసిపెట్టు, నీల్లే నిన్ను పైకి తెస్తయి," అన్నాడు సాయన్న. నా మణికట్టుకు తాడు కట్టి, రెండో కొస తాను పట్టుకున్నాడు. "ఒక్కపారి గుంజితే మంచిగున్ననన్నట్టు. రెండుపార్లు గుంజితే నిన్ను పైకి తీస్త."

"నాకు భయమైతుంది సాయన్నా."

"కానియ్యి. నాకు గూడ ఐతది. రాయి మాత్రం నడుముకు కట్టకు."

మూడు రోజులు ప్రయత్నించాను. నీళ్లు నల్లబడే చోటికి రాగానే చేతులు వాటంతటవే రాయిని వదిలేసేవి. ఒడ్డున తోటివాళ్లు ఇకిలించేవారు. నాలుగో రోజు నా చేతుల మీద నాకే ఒళ్లు మండింది. సాయన్న అటు తిరిగినప్పుడు తువ్వాలతో రాయిని నడుముకు కట్టేసుకుని దూకాను. ఇక పారిపోలేను గదా అనుకున్నాను, వెధవని.

అడుగున ఆ రాయి పోయి బండల సందులో ఇరుక్కుంది. ముడి తడిసి బిగిసింది. రెండుసార్లు గుంజాను. తాడు బిగిసింది గానీ నేను కదల్లేదు. అన్న గుర్తొచ్చాడు, అంతే. తర్వాత ఎవరో నా నడుము తడిమారు, తువ్వాల తెగింది.

ఒడ్డున కళ్లు తెరిచేసరికి సాయన్న చెవుల నుంచి రక్తం కారుతోంది. తెగిన తువ్వాల ముక్క ఆయన గుప్పిట్లో ఉంది. ఏమైందని యజమాని గద్దించాడు. "తాడు చిక్కుకున్నది, పటేలా," అంటూ సాయన్న ఆ ముక్కను పంచెలో దోపుకున్నాడు. నేనూ అసలు సంగతి దాచాను. నిజం చెబితే పని పోతుందని భయం.

కొన్నేళ్లకు ఆయన్ను చూడడానికి కుల్కచర్ల వెళ్లాను. గొర్రెల దగ్గర కూర్చుని ఉన్నాడు. చెవులు పూర్తిగా పోయాయి. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. "రాయి నేనే కట్టుకున్న సాయన్నా. నీ చెవులు నేనే తీసిన." వినలేడని తెలిసే చెప్పాను. నా ధైర్యం అంతవరకే. ఆయన నా ముఖం చూసి, నా భుజం మీది తువ్వాల కొస పట్టుకుని ఒక్కసారి గుంజాడు.

ఇప్పుడు వాన పడి చెవులు మూసుకుపోగానే తువ్వాల కొస పట్టుకుని ఒకసారి లాగుతాను. రెండోసారి లాగను. పైకి తీసే మనిషి లేడు.