గుమ్మడికాయలో ఒర్రిన్

అమెరికాలో వెర్మాంట్ కొండల మధ్య ఆ లోయలో వెర్నా కూంబ్స్ నాలుకంటే అందరికీ గురి. అరవై మూడేళ్ల మనిషి, ముప్ఫై ఏళ్లుగా పాత ధాన్యపు కొట్టంలో బీరు కాస్తోంది. అక్టోబరులో గుమ్మడి బీరు మొదటి గుక్క ఆవిడే తాగాలి. బాగుందంటే ఊరంతా తాగుతుంది, బాగాలేదంటే తోటలో పారబోయడమే. ఎదురు చెప్పినవాడు ఇంతవరకు పుట్టలేదు.

అసలు సంగతేమిటంటే, ఆ నాలుక చచ్చి మూడేళ్లయింది. ఒక పాడు జ్వరం వచ్చి వాసనా రుచీ రెండూ పట్టుకుపోయింది. ఈ గుట్టు తెలిసినవాడు మొగుడు ఒర్రిన్ ఒక్కడే. అతను ముందే చాటుగా ఒక చుక్క చప్పరించి వచ్చి, పక్కన నిలబడి, వేలి కణుపుతో బల్ల మీద కొట్టేవాడు. ఒకసారి కొడితే బాగున్నట్టు, రెండుసార్లు కొడితే చెడినట్టు. మూడేళ్లు ఊరి కళ్లెదుటే ఈ నాటకం ఆడారంటే ఎంత గుండె ధైర్యమో!

ఆగస్టు మొదట్లో ఒర్రిన్ గుండె ఆగి పోయాడు. ఇక ఆవిడ భయమల్లా ఒకటే. చెడిన బీరును బాగుందన్నా, మంచిదాన్ని పారబోయించినా గుట్టు రట్టవుతుంది. ఆ కొట్టం పోతే ఆవిడకు మిగిలేదేమీ లేదు.

తోట పని ఒర్రిన్‌దే. కాయలు పిడికిలంత ఉన్నప్పుడు, జులైలో, మేకుతో వాటి మీద పేర్లు గీసేవాడు. కాయతోపాటు అక్షరాలూ సాగి, లావై, గోధుమరంగు గాట్లుగా తేలేవి. అన్నిటికన్నా పెద్ద కాయ మీద ఏటా వెర్నా పేరే. ఈసారి ఆకులు తప్పించి చూస్తే ఒర్రిన్ అని ఉంది. తన పేరు ఎన్నడూ గీసుకోని మనిషి. పైగా అక్షరాలు సాగనే లేదు. కాయ పూర్తిగా ఎదిగాక గీసినట్టు సన్నగా, తిన్నగా ఉన్నాయి. అంటే సెప్టెంబరులో గీసినవి. అప్పటికి ఒర్రిన్ మట్టిలో ఉన్నాడు.

ఆవిడ ఎవరో ఆకతాయి పని అని సరిపెట్టుకుని, ఆ కాయనే బండిలో వేసుకొచ్చింది. గుజ్జు తోడేసి, బీరు నింపి, మూతను మైనంతో అతికించి పది రోజులు ఉంచింది. ఈలోగా మరో కాయనూ అలాగే నింపి పక్కన పెట్టింది.

శనివారం మధ్యాహ్నానికి కొట్టం నిండిపోయింది. బీరు వ్యాపారంలో వెర్నాకు భాగస్వామి అయిన డెల్ఫీన్ కాయకు కుళాయి బిగించి గ్లాసు నింపింది. త్వరగా కానివ్వమని, ఈ ముసలాళ్లు దాహంతోనే పోయేలా ఉన్నారని వేళాకోళమాడింది.

వెర్నా తాగింది. చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు. పక్కన ఒర్రిన్ నిలబడే చోటు ఖాళీగా ఉంది, అంత జనంలోనూ అక్కడికి ఎవరూ జరగలేదు. బాగుందని చెప్పేద్దామని నోరు తెరిచింది.

కాయ లోపల టక్, టక్‌మని రెండుసార్లు మోగింది.

ముందున్నవాళ్లు విన్నారు. లోపల గ్యాసు పొంగుతోందని ఎవరో నవ్వారు. వెర్నా గ్లాసు కింద పెట్టి, "పారబోయండి" అంది.

డెల్ఫీన్‌కు నమ్మకం కుదరక ఆ గ్లాసే తీసుకుని ఒక గుక్క తాగింది. వెంటనే గుమ్మం అవతలికి పరిగెత్తి ఉమ్మేసింది. కుళ్లిన పులుపట. ఏం నాలుకమ్మా అని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు వెర్నా సిగ్గుతో చచ్చిపోయింది.

"నా నాలుక కాదు," అంది. "అది చచ్చి మూడేళ్లయింది. ఇన్నాళ్లూ రుచి చూసి చెప్పింది ఒర్రిన్."

చప్పట్లు ఆగిపోయాయి. డెల్ఫీన్ గొంతు తగ్గించి, "మరి ఇవాళ?" అని అడిగింది.

"ఇవాళా ఆయనే."

ఎవరూ నవ్వలేదు. నలుగురు కలిసి కాయను తోటకు మోసుకెళ్లి, బీరంతా మట్టిలో వంచేసి, కాయను నేల మీద పెట్టారు. వెంట వచ్చిన వెర్నా, కొట్టం తాళంచెవి డెల్ఫీన్‌కు ఇచ్చేద్దామని జేబులో చెయ్యి పెట్టింది. డెల్ఫీన్ ఆ చెయ్యి పట్టుకుంది.

"వచ్చే శనివారం రెండో కాయ తెరుద్దాం. మొదటి గుక్క నీదే. ఆయన నిలబడే చోట ఎవర్నీ నిలబడనివ్వను."

ఖాళీ కాయలో టక్‌మని ఒక్కసారే మోగింది.