మంచు మీద ముత్యాలు

టీవీ మా దీవికి వచ్చినప్పటి నుంచి లౌటోకాలో మా వీధి ఆడవాళ్లకు మంచు గురించి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన చేప తప్ప మంచు ఎరగని వాళ్లు, మంచు మీద జారుతూ నాట్యం చేసే తెల్లపిల్లలకు కుర్చీలో కూర్చుని మార్కులు వేస్తారు. మొన్న శనివారం మాట నగల మీదికి వెళ్లింది. ఒక పిల్ల వేలాడే లోలాకులు పెట్టుకుని పోటీలోకి దిగింది. అంతమంది చూస్తుండగా బోసి చెవులతో ఆడితే ఏం బాగుంటుంది అని ఒకావిడ అంది. పడిందంటే చెవి తెగుతుంది, అన్నీ తీసేసి రమ్మనాలి అని ఇంకొకావిడ. కాసేపు వాదులాడుకుని ఇద్దరూ నా వైపు తిరిగారు. వీధి మొత్తం మీద చక్రాల బూట్ల మీద నిలబడిన మనిషిని నేనొక్కదాన్నే.

ఆ బూట్ల గురించి వాళ్లకు నేను చెప్పినవి చాలా ఉన్నాయి. చెరకు రైలు పట్టా మీద ఒంటికాలితో మిల్లు దాకా జారానని, వంతెన దగ్గర రైలే ఆగి నాకు దారిచ్చిందని చెప్పాను. తుఫాను రోజున రెండు చేతుల్లో రెండు గొడుగులు తెరిచి పట్టుకుని, పడవలాగే వార్ఫు నుంచి మార్కెట్ దాకా కాలు కదపకుండా వచ్చానని చెప్పాను. నమ్మరు. కానీ ఇంకో కప్పు టీ పోస్తారు. ఆ శనివారం కూడా ఒక కథ చెప్పి టీ తాగి వచ్చేశాను. అసలు జరిగింది మాత్రం చెప్పలేదు. అది ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో కోతలు లేవు. ఉన్నచోట ఇది కోత అని నేనే చెబుతాను.

మా దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు, వార్ఫుకు వెళ్లే దారిలో రేకుల కప్పు హాలు ఒకటి ఉండేది. చెక్కనేల. చక్రాల బూట్లు అద్దెకిచ్చి పిల్లల్ని ఆడించే చోటు. దాన్ని నడిపే ఆవిడ సగం తెల్లావిడ, సగం ఇక్కడి మనిషి. అందరం మిసి అనేవాళ్లం. నేను అక్కడ కౌంటర్ దగ్గర బూట్లు అందించి, చిన్నపిల్లలకు లేసులు కట్టేదాన్ని. పొద్దున్నే నేల ఊడ్చాక, తలుపులు తెరిచేలోపు, నా కాలికి సరిపోయే జత ఒకటి వేసుకుని తిరిగేదాన్ని.

నేల మీద తెల్ల రంగుతో రెండు పెద్ద వలయాలు గీసి ఉండేవి, ఒకదాన్నొకటి తాకుతూ, ఎనిమిది అంకెలా. ఒకే కాలి మీద, చక్రం గీత దాటకుండా, మొదటి వలయం చుట్టి, కాలు మార్చి, రెండోది చుట్టి, బయల్దేరిన చోటికే రావాలి. దాన్నే ఫిగర్ అంటారని మిసి చెప్పింది. మిగతా ఆటలన్నిటికీ ఎవరో ఒకరు తోడు కావాలి. దీనికి అక్కర్లేదు. నాకు అందుకే పట్టుబడిందేమో.

తోడు లేకపోవడమంటే, మా ఆయన లేడు. మిల్లులో క్రేను తోలేవాడు. లంబాసా మిల్లులో ఒక సీజను పని దొరికిందని అవతలి దీవికి పడవెక్కాడు. అక్కడ చెరకు క్రషింగ్ అయిపోయింది. మళ్లీ మొదలైంది. మళ్లీ అయిపోయింది. ఇంట్లో నేనూ, మా అత్తా.

మొదట మూడు ఉత్తరాలు వచ్చాయి. ఆ తర్వాత రాలేదు. లంబాసా నుంచి వచ్చిన ఒకాయన, మా ఆయన్ని అక్కడికి దగ్గర్లోని బులిలేకాలో చూశానని, చంటిపిల్లను భుజాన ఎత్తుకుని కొట్లో రొట్టె కొంటున్నాడని మా పక్కింట్లో చెప్పి పోయాడు. పక్కింటావిడ గోడ మీంచి నాకు చెప్పింది. నేను అత్తకు చెప్పలేదు. అత్తకు చదువు రాదు. పోస్టాఫీసు పెట్టె తాళం నా దగ్గరే ఉండేది. నాలుగో ఉత్తరం నేనే చదివాను, హాల్లోంచి తెచ్చిన పాత రసీదు కాగితం మడిచి, దాని వెనకవైపు చూస్తూ.

నాకు అబద్ధాలు నేర్పింది ఆ కాగితమే. వారానికో ఉత్తరం. లంబాసాలో వాన మూడు రోజులు అడ్డంగా కురిసిందని చదివేదాన్ని. పడవలో ఒక మేక టికెట్ లేకుండా ఎక్కి కెప్టెన్ టోపీ తినేసిందని చదివేదాన్ని. అత్త కాలు చాపుకుని, మోకాలికి కొబ్బరినూనె రాసుకుంటూ వినేది. ప్రతి ఉత్తరం చివర ఒక వాక్యం తప్పకుండా ఉండేది: అమ్మ మోకాలు ఎలా ఉంది?

అత్త పొద్దున లేవగానే నా మొహం కంటే ముందు నా మెడ చూసేది. పుస్తెలతాడు ఉందా అని. శుక్రవారం పసుపూ కుంకుమా పెట్టించేది. తన మెడ బోసిపోయి పదేళ్లయింది. నా మెడలో అది ఉన్నంతకాలం కొడుకు ఏదో ఒక పడవలో ఉన్నట్టే ఆమె లెక్క.

ఒకరోజు పొద్దున మిసి తొందరగా వచ్చి, నేను ఎనిమిది చుట్టడం తలుపు దగ్గర నిలబడి చూసింది. వచ్చే నెల హాల్లో పోటీ ఉంది, పెద్దవాళ్ల ఫిగర్లలో నువ్వు దిగాలి అంది. అప్పటిదాకా నన్ను ఎవరూ దేనికీ దిగమని అడగలేదు. ఆ రోజంతా పిల్లల లేసులు తప్పుగా కట్టాను. మర్నాడు మిసి నా మెడ వైపు, చేతుల వైపు వేలు చూపించి, మా హిందీలో, "ఈ సబ్ నికారో," అంది. గాజులు, చెవులవి, మెడలోది, అన్నీ తీసేయాలి.

గాజులు సరే, చెవులవి సరే అన్నాను. మెడలోది తీసేది కాదన్నాను. పిన్నీసుతో జాకెట్‌కు కట్టేసుకుంటానన్నాను. నిజం చెప్పాలంటే అప్పటికే కట్టుకునేదాన్ని. లేకపోతే గిర్రున తిరిగినప్పుడు పుస్తెలు రెండూ ఎగిరి ముందుపళ్లకు తగిలేవి. పిన్నీసు ఊడితే ఇంకా ప్రమాదం అంది మిసి. కిందటేడు ఇద్దరు పిల్లలు గుద్దుకుంటే ఒకరి గొలుసు ఇంకొకరి చేతికి చిక్కుకుని మెడ కోసుకుపోయిందట. తెగిన ముక్క మీద చక్రం పడితే తర్వాత వచ్చేవాళ్ల ఎముక విరుగుతుంది. ఎవరి దేవుడి గొలుసైనా ఒకటే అంది. ఆమె కూడా బూట్లు వేసుకునే ముందు మెడలోని సిలువ తీసి, కౌంటర్ మీది గాజు గ్లాసులో వేసేది.

బోసి మెడతో లౌటోకా ముందు నిలబడితే, బులిలేకా మాట నిజమేనని నేనే చాటింపు వేసినట్టు. తీయకపోతే పోటీ లేదు. ఆ నెలంతా నాకు కావలసినవి రెండే: ఆ ఎనిమిది నలుగురి ముందు చుట్టాలి, అత్త పొద్దున్నే చూసే చూపు మారకూడదు.

అందుకని ఒక ఉత్తరం చదివాను. నా ఉత్తరాలన్నిటిలోకీ అది గొప్పది. మా ఆయన లంబాసాలో సినిమాకు వెళ్లాడట. అసలు సినిమాకు ముందు వేసే వార్తల్లో, మంచు మీద ఆడవాళ్లు జారే పోటీ చూపించారట. రాణిలాంటి పిల్ల ఒకతి ముత్యాల హారం వేసుకుని బొంగరంలా తిరిగితే, దారం తెగి ముత్యాలన్నీ మంచు మీద చెల్లాచెదురయ్యాయట. తర్వాత వచ్చిన పిల్ల ఒక ముత్యం మీద కాలు వేసి, వెల్లకిలా పడి, మార్కులు వేసే వాళ్ల బల్ల కిందికి దూరి, అటువైపు నుంచి తేలిందట. అప్పటి నుంచి అక్కడ పెళ్లయిన వాళ్లు కూడా మెడలోవి తీసి ఆడతారట. వాళ్ల మొగుళ్లు గుండ్రాళ్లలా ఉన్నారట. కాబట్టి నువ్వు ఎప్పుడైనా అలాంటి ఆట ఆడవలసి వస్తే మొహమాటపడవద్దు, నాకేమీ కాదు అని రాశాడు. అమ్మ మోకాలు ఎలా ఉంది?

అత్త నూనె రాయడం ఆపింది. "ఫిర్ సే చదువు," అంది. మళ్లీ చదివాను. రెండోసారి కూడా ఒక్క మాట తేడా రాకుండా చదవగలిగాను. అంతగా తయారయ్యాను అప్పటికి.

"ఎన్ని మోతీలు, బహూ?" అని అడిగింది. కోడలిని మాలో అందరూ అలాగే పిలుస్తారు.

"నలభై రెండు."

"వాడు లెక్కపెట్టినాడా?"

"సినిమాలోనే చెప్పారట."

అత్త తల ఊపింది. ఔనని కాదు, కాదని కాదు. లేచి బియ్యం కడగడానికి వెళ్లింది. పోటీ రోజు దాకా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. పొద్దున్నే మెడ చూడడం మాత్రం మానలేదు.

పోటీ మధ్యాహ్నం. హాలు నిండిపోయింది. బూట్లు పెట్టే వెనక గదిలో నేనొక్కదాన్నే కూర్చున్నాను. గాజులు తీశాను, కమ్మలు తీశాను, మిసి ఇచ్చిన గ్లాసులో వేశాను. పుస్తెలతాడు కొక్కెం దగ్గరికి చెయ్యి వెళ్తోంది, వెనక్కి వస్తోంది. తీసి గ్లాసులో వేసి, అయిపోగానే వేసుకుంటే అత్తకు తెలియదు కదా అనుకున్నాను. ఎన్నిసార్లు అనుకున్నా వేలు కొక్కేనికి అందలేదు. బయట నా పేరు ఒకసారి పిలిచారు.

అప్పుడు తలుపు తీసుకుని అత్త వచ్చింది. ఆమె ఎన్నడూ ఆ హాలు గడప తొక్కింది లేదు. పక్కింటావిడ నోట పోటీ సంగతి విని, ఆ మోకాలితో బస్సెక్కి వచ్చింది. కొంగున ఏదో ముడి వేసుకుని ఉంది.

"తీయి," అంది.

ఆయన ఉత్తరంలో ఏమన్నాడో గుర్తు చేయబోయాను.

"ఉత్తరం వదిలేయి, బహూ. మాలూమ్ రహా నాకు. మొదటి నుంచీ."

అత్త నా పక్కన బల్ల మీద కూర్చుని కాలు చాపింది.

"వాడు నా మోకాలు ఎప్పుడు అడిగినాడు? ఇంట్లో ఉన్నప్పుడే అడగలేదు. నీ ఉత్తరాల్లోనే అడుగుతాడు."

"మరి ఎందుకు చదివించుకున్నావు, అత్తా?"

"నువ్వు బాగా చదువుతావు."

కొంగు ముడి విప్పింది. పసుపు రాసిన నూలు దారం, దానికి కట్టిన పసుపు కొమ్ము. మాలో పుస్తెలతాడు తెగినా, మార్చవలసి వచ్చినా, మెడ బోసిగా ఉండకుండా ముందు అది కడతారు. కానీ కట్టేది ముత్తయిదువ. మా అత్త ఎవరి పెళ్లిలోనూ అక్షింతల పళ్లెం కూడా ముట్టుకునేది కాదు, వెనక వరసలో గోడ పక్కన కూర్చునేది. ఆ చేతులతోనే నా మెడలోని కొక్కెం తీసింది. బంగారం తన జాకెట్‌లో వేసుకుంది. దారం నా మెడ చుట్టూ తిప్పి మూడు ముళ్లు వేసింది. మూడో ముడి రెండుసార్లు వేయవలసి వచ్చింది.

"ఇది ఎవరి పేరు మీద, అత్తా?"

"ఎవరి పేరూ లేదు. బోసి మెడతో పోకూడదు, అంతే." నా జాకెట్ మెడ సర్దుతూ, "ఆ పిల్లకు వాడి ముక్కే వచ్చిందంట," అంది. ఎవరి పిల్ల అని నేను అడగలేదు.

తలుపు దగ్గర మిసి నన్ను ఆపి ఆ పసుపు కొమ్మును రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. ఇది నగా అని అడిగింది. అత్త నా వెనక నుంచి, ఇది హర్దీ, రాత్రి కూరలో ఇదే వేస్తాం, కావాలంటే కొరికి చూడు అంది. మిసి కొరకలేదు. దారం లాగి చూసి, పుటుక్కున తెగేలా ఉంది కాబట్టి పరవాలేదంది. దాన్ని జాకెట్ లోపలికి తోసి నన్ను పంపింది.

ఆ ఎనిమిది గురించి మా వీధిలో చాలా చెప్పాను. నేను చుట్టిన వేగానికి చెక్క పొగలు కక్కిందని కూడా చెప్పాను. అది కోత. నెమ్మదిగా చుట్టాను. మొదటి వలయంలో గీత మీదే ఉన్నాను. కాలు మార్చే చోట ఊగాను, చక్రం జానెడు బయటికి వెళ్లింది. చెమటకు పసుపు కరిగి తెల్ల జాకెట్ ముందంతా మరక దిగింది. అయినా బయల్దేరిన చోటికే వచ్చి ఆగాను. ఐదుగురిలో నాలుగోదాన్ని. వీధిలో రెండోదాన్నని చెబుతాను. చప్పట్లలో ఒక జత ఆలస్యంగా మొదలై, అందరూ ఆపాక కూడా వినిపించింది. అటు చూడలేదు. చూస్తే ఏడుపొచ్చేది.

బస్సులో అత్త కిటికీ వైపు కూర్చుంది. ఇల్లు చేరాక బంగారం జాకెట్ లోంచి తీసి, పెట్టెలో చీరల కింద పెట్టింది. వేసుకోమనలేదు. నేను అడగలేదు. మర్నాడు పొద్దున లేచి నా మొహం చూసింది. మెడ చూడలేదు. ఆ చూపు మారకూడదని నెల రోజులు భయపడ్డాను కదా, మారింది. దాంతో ఏం చేయాలో నాకు తెలియలేదు. లేచి టీ పెట్టాను.

వారం గడిచాక, దీపాలు పెట్టే వేళకు, కాలు చాపుకుని నూనె సీసా పక్కన పెట్టుకుని, "ఉత్తరం రాలేదా, బహూ?" అంది.

నేను ఒక్క క్షణం ఆమె వైపు చూశాను. ఆమె నూనె చేతిలో పోసుకుంటోంది. లేచి రసీదు కాగితం తెచ్చి మడత విప్పి చదివాను. ఆ వారం మేక కెప్టెన్ అయింది. అమ్మ మోకాలు ఎలా ఉంది అని అడిగాడు. పరవాలేదు అని రాయమంది.

ఆమె పోయేదాకా చదివాను. చాలా ఏళ్లు. దారం మూడు నెలలకే తెగింది, ఇంకొకటి కట్టుకోలేదు. బంగారం ఆ చీరల కిందే ఉంది. హాలు ఇప్పుడు పిండి బస్తాల గోడౌను. ఇంట్లో తెలుగు వినేవాళ్లు లేరు. అందుకే ఇలా కాగితం మీద రాసుకుంటున్నాను. గుడి బడిలో నేర్చుకున్న అక్షరాలు ఇంకా చెయ్యి జారలేదు.

మొన్న శనివారం వీధి ఆడవాళ్లకు నా తీర్పు చెప్పాను. పెట్టుకోకూడదు, తీసేసి ఆడాలి అన్నాను. ఎందుకన్నారు. రాణిలాంటి పిల్ల ముత్యాల హారం సంగతి చెప్పాను. రెండో పిల్ల బల్ల కిందికి దూరి అటువైపు తేలిందంటే అందరూ పడిపడి నవ్వారు. ముత్యాలు ఈసారి నూటపదహారు చేశాను. చెప్పి ఆగాను, కప్పు పట్టుకుని కాసేపు ఎదురుచూశాను. ఎవరు లెక్కపెట్టారని ఎవరూ అడగలేదు. టీవీలో ఇంకో పిల్ల మంచు మీదికి వచ్చింది, అందరూ అటు తిరిగారు.