ఆవని నుంచి చాంపియన్ రీఫ్స్‌కు ఒక చచ్చిన లైటుతో

సరిగ్గా కరెంటు పాఠం మొదలుపెట్టే రోజున బడి మానేసినవాణ్ణి నేను. ఏడో తరగతి. అందుకే ఇంట్లో ఏ బ్యాటరీ చచ్చినా నేరం నా మీదే పడుతుంది. ఈసారి న్యాయంగానే పడింది. పోయిన పంటప్పుడు పూర్తిగా ఆరిపోయిన చార్జింగ్ లైటును అటక మీద పడేసి మరిచాను. ఇప్పుడు మా ఆవిడ పెంచే పట్టుపురుగులు వారంలో గూళ్లు కట్టాలి. తెల్లారి ఐదుకు మేత వేయాలి, ఆ వేళకు మా ఊళ్లో కరెంటుండదు. మేత తప్పితే పంట పోయినట్టే.

"లైటు వెలిగితేనే ఇంటికి రా" అంది.

ఏడున్నరకు ఆవనిలో బస్సెక్కాను. సీటు పక్కన ఫోను చార్జి చేసుకునే రంధ్రం ఉంది. తీగ దూర్చాను. అరగంటలో పన్నెండు శాతం కాస్తా తొమ్మిదైంది. పక్కన పూలబుట్టతో కూర్చున్నామె నవ్వింది.

"అది అలంకారానికప్పా. ఊదుకడ్డీ గుచ్చుకో, వాసనన్నా వస్తాది."

పదికి రాబర్ట్‌సన్‌పేట. రెండు దోసెలు, ఒక కాఫీ. లైట్ల అంగడాయన మూతైనా విప్పకుండా "కొత్తది తీసుకో" అన్నాడు. బాగుచేసేవాళ్లే లేరా అంటే, "చాంపియన్ రీఫ్స్‌లో దేవరాజ్ తాత ఉండాడు. తిడతాడు మల్ల" అన్నాడు. తిట్లకు టిక్కెట్టు లేదు గదా అని ఆటో ఎక్కాను.

అక్కడి బంగారు గని మూసేదాకా కార్మికుల తలదీపాలకు చార్జి ఎక్కించినవాడు తాత. ఇప్పుడు అదే పని వరండాలో. నా లైటు విప్పి చూశాడు.

"ఎన్నాళ్లు ఖాళీగా పెట్టినావు?"

"ఆర్నెల్లు తాతా. రెస్టు తీసుకోనీలే అని."

"కడుపు మాడ్చి రెస్టంటావా! మా కాడ లాంపు పైకొస్తానే చార్జికే. ఒక్క పూట ఖాళీగా పెట్టం."

కొత్త బ్యాటరీ వేసి చార్జికి తగిలించాడు. గోడ మేకుకు నంబరున్న ఇత్తడి బిళ్ల వేలాడుతోంది. అదేమిటన్నాను.

"బిళ్ల ఇచ్చి లాంపు తీసుకొని దిగుతారు, లాంపు ఇచ్చి బిళ్ల తీసుకొని ఇంటికి పోతారు. షిఫ్టు అయినాక మేకుకు బిళ్ల మిగిలిందా, ఆ మనిషి ఇంగా కిందే ఉండాడని. వాడు వచ్చేదాకా నేను కదిలేవాణ్ణి కాదు."

చార్జి నిండేదాకా మూడు గంటలు బుద్ధిగా కూర్చున్నాను.

మూడున్నరకు తిరుగు బస్సు. లైటు ఒళ్లో పెట్టుకొని లెక్కేస్తే, బస్సు నిండా రంధ్రాలు, అంగడి నిండా కొత్త లైట్ల డబ్బాలు, చార్జి మాత్రం ఒక ముసలాయన వరండాలో. మీరూ వెళ్లదలిస్తే లైటు ఆరిన రోజే వెళ్లండి, తిట్లు తగ్గుతాయి.

తెల్లారి ఐదుకు కరెంటు పోయింది, లైటు వెలిగింది. ఆ వెలుగులో మా ఆవిడ మేత వేస్తుంటే బిళ్ల సంగతి చెప్పి, "ఇంగ నా పేరున కూడా ఒకటి గుమ్మానికి తగిలించు, నేను ఇల్లు చేరానో లేదో తెలుస్తుంది" అన్నాను.

ఆమె తలెత్తలేదు.

"నీకెందుకు బిళ్ల? రాలేదంటే టీ అంగట్లో ఉంటావు. ఆ బిళ్లేదో లైటుకు కట్టు, మీ ఇద్దరిలో పనికి పోయొచ్చేది అదొక్కటే."