గుంజకు కట్టిన సోమి

పోయిన వేసవిలో ఖమ్మం మార్కెట్ పక్కన ఒక ముసలామె గోనెసంచి మూతి విప్పగానే ఎండిన ఇప్పపువ్వు వాసన గుప్పున కొట్టింది. బెల్లం పాకం కొంచెం మాడినట్టు, తీపీ మత్తూ కలిసిన ఆ వాసనకు నేను కూరగాయల సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇరవయ్యేళ్ళు దాటినా ఆ వాసన వెంట నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక తాడు.

మాది పాల్వంచ దాటి భద్రాచలం పోయే రోడ్డు నుంచి లోపలికి, అడవి అంచున ఉన్న చిన్న ఊరు. మా నాన్నకు సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉండేది. ఎండలు ముదిరి ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారేసరికే పెద్దవాళ్ళంతా బుట్టలు నెత్తిన పెట్టుకుని అడవిలోకి పోతే, ఊరు మొత్తం చుట్ట కాల్చుకునే మా నాయనమ్మ లాంటి ముసలివాళ్ళకూ మాలాంటి పిల్లలకూ మిగిలేది. తిన్న తాటిముంజల బుర్రలకు పుల్ల గుచ్చి బండ్లు చేసి తోలేవాళ్ళం, చింతచిగురు దూసి ఉప్పుతో నమిలేవాళ్ళం, శ్రీరామనవమి నాడు మోదుగాకు దొన్నెల్లో పోసిన పానకం మిరియాల ఘాటుకు దగ్గుతూనే రెండోసారి చేయి చాపేవాళ్ళం.

ఊరి చివర, వాగుకు దగ్గరగా కోయగూడెం. అందులో మొదటి ఇల్లు కన్నమ్మది. ఆమె అడవికి పోయినప్పుడల్లా వసారా గుంజకు ఆమె కూతురు సోమి కట్టేసి ఉండేది. నా ఈడుదే, ఐదేళ్ళుంటాయేమో. నడుముకు పాత చీర పేలికలు పేనిన తాడు, పక్కన జావ గిన్నె, ఆడుకోవడానికి నాలుగు ఇప్పకాయలు. మాకదేం వింతగా ఉండేది కాదు. పక్క దొడ్లో లేగదూడను కట్టేసినట్టే అనుకునేవాళ్ళం. ఇంకా సిగ్గుగా చెప్పాల్సిందేమిటంటే, మాకు దానితో ఒక ఆట ఉండేది. మెల్లగా వెనక నుంచి పోయి, దాని చెవి దగ్గర "సోమీ!" అని అరిచి పారిపోవాలి. అది ఎన్నడూ తిరిగి చూసేది కాదు. పొగరని ఒకరు, గాలి సోకిందని ఇంకొకరు తీర్పు చెప్పుకునేవాళ్ళం.

ఆ ఏడే మా అంగన్‌వాడీకి విజయ టీచర్ కొత్తగా వచ్చింది. మధిర వైపు మనిషి, యాభై ఏళ్ళుంటాయి, నవ్వితే పైపళ్ళ మధ్య సందు కనిపించేది. బడికి రాని పిల్లల పేర్లు రాసుకోవడానికి ఇల్లిల్లూ తిరుగుతూ, దారి చూపించడానికి నన్ను వెంట తీసుకుపోయింది. కన్నమ్మ వసారా ముందుకు రాగానే ఆమె చేయి నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే నాకు నొప్పి పుట్టింది. తలెత్తి చూశాను. పెద్దవాళ్ళ మొహం అలా తెల్లబోవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. తాడును రోజూ చూసి కూడా బెదరని నేను, ఆ మొహం చూసి బెదిరిపోయాను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ముడి విప్పబోయింది. ముడి బిగుసుకుపోయి ఊడి రాలేదు.

అప్పుడే కన్నమ్మ పువ్వు బుట్టతో వచ్చింది.

"ఇదేంటి కన్నమ్మా, పిల్లనిట్లా కడతారా?"

కన్నమ్మ బుట్ట దింపింది. "కట్టకపోతే వాగుల పడదా టీచరమ్మా? పెద్దది గట్లనే పోయింది. నీళ్ళు వస్తున్నయ్, వెనకకు రాయే అని ఒడ్డు మీదికెల్లి మొత్తుకున్న. తిరిగి సూడనే లేదు. ఇది గూడ గంతే, పిలిస్తే పలకది."

మధ్యలో నేను అందుకున్నాను: "ఎనకనుంచి ఎంత అరిచినా సూడది టీచర్. ముంగటికి పోతేనే సూస్తది."

ఆమె నావైపు ఒక్క క్షణం చూసి, చూరులోంచి సత్తుపళ్ళెం తీసి, సోమి వెనక నిలబడి గరిటెతో గట్టిగా కొట్టింది. పక్క దొడ్లో దూడ తాడు తెంచుకునేంతగా ఎగిరింది. సోమి మాత్రం ఇప్పకాయలు వరసగా పేర్చుకుంటూనే ఉంది. ఇంకోసారి కొట్టింది. అయినా అంతే.

కన్నమ్మ నిలబడ్డచోటే కూలబడింది. "అంటే టీచరమ్మా, నా పెద్దదానికి గూడ నేను పిలిచింది ఇనబడలేదా?"

టీచర్ ఆమె పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చింది.

మర్నాటి నుంచి సోమి మా అంగన్‌వాడీ సెంటర్‌కు రావడం మొదలుపెట్టింది. మూడోరోజు నేను వెనక నుంచి భుజం పట్టి లాగితే, గిర్రున తిరిగి నా ముంజేతిని రక్తం వచ్చేలా కొరికింది. మా అమ్మ నన్ను రెక్క పట్టుకుని సెంటర్ మీదికి పోయింది.

"ఏంది టీచరమ్మా, నా బిడ్డ చెయ్యి సూడు! గా పిచ్చిపిల్లను ఈడ కూసోబెడితే రేపటిసంది మా పిల్లలను ఒక్కరిని గూడ పంపం."

"పిచ్చి కాదు పద్మమ్మా, చెవులు వినిపించవు. వెనక నుంచి పట్టుకుంటే కట్టెయ్యడానికే అనుకుంటుంది." టీచర్ సోమి గౌను కొంచెం పైకెత్తింది. నడుము చుట్టూ చర్మం నల్లగా, గరుకుగా, మొలతాడు కట్టినట్టు కమిలిపోయి ఉంది.

అమ్మ నా రెక్క వదిలేసింది. "నీళ్ళకు పోంగ ఆ తాడు రోజూ సూస్తనే ఉన్న," అంది. మర్నాడు మిగతా తల్లులు పిల్లల్ని పంపకపోయినా, నన్ను మాత్రం తానే తెచ్చి దింపింది. వారం తిరిగేసరికి ఒక్కొక్కరే వచ్చారు.

టీచర్ మాకు పెట్టిన నియమం ఒక్కటే: సోమి ముందుకు వెళ్ళి, మొహం చూపించి, అప్పుడే ముట్టుకోవాలి. తన ఇంటి నుంచి ఒక అద్దం తెచ్చి రోజూ పొద్దున్నే దాన్ని మా అందరి చేతుల మీదుగా తిప్పేది. ఆ రోజు మనసెలా ఉందో, అలాంటి మొహం అద్దంలో పెట్టి చూపాలి. కోపమైతే కోపం, ఏడుపైతే ఏడుపు, ఎవరినీ ఎందుకని తిట్టేది కాదు. సోమి నెలరోజులు కోపం మొహమే పెట్టింది. ఒకనాడు అమ్మ మీద అలిగి నేను ఏడుపు మొహం పెడితే, అది లేచి నా ఎదురుగా వచ్చి కూర్చుని, నా ముంజేతి మీద మానిన పళ్ళ గాటు మచ్చను చూసి, చెయ్యి దగ్గరికి తీసుకుని ఉఫ్ అని ఊదింది. తర్వాత అద్దం తన వైపు తిప్పుకుని మొదటిసారి నవ్వు మొహం పెట్టింది. టీచర్ ఉప్మా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ తర్వాత టీచరే కన్నమ్మను, సోమిని బస్సెక్కించుకుని ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకుపోయింది. రెండేళ్ళకు సోమి చెవిటి పిల్లల హాస్టల్ బడిలో చేరింది.

ఇప్పుడు ఆ గూడెం జాగాలో సగం పామాయిల్ తోట. కన్నమ్మ ఇల్లు లేదు. ఆమె పోయి రెండేళ్ళయింది, విజయ టీచర్ అంతకుముందే పోయింది. సెంటర్ ఉన్న పెంకుటిల్లు పడగొట్టి రంగుల బొమ్మల గోడలతో కొత్త బిల్డింగ్ కట్టారు.

మార్కెట్లో ఆ వాసన తగిలిన వారానికే పాల్వంచ వెళ్ళి సోమిని వెతికి పట్టుకున్నాను. ఒక చిన్న గదిలో లేడీస్ టైలర్ పని చేస్తోంది. నన్ను గుర్తుపట్టి గట్టిగా వాటేసుకుంది. ఫోన్‌లో రాసుకుంటూ గంటసేపు మాట్లాడుకున్నాం. అద్దం గుర్తుంది దానికి, ఉప్మా గుర్తుంది, నన్ను కొరికింది కూడా గుర్తుంది. ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్నది చివరికి రాశాను: "నిన్ను గుంజకు కట్టేసినప్పుడు రోజూ చూసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. క్షమించు."

సోమి చదివింది. మళ్ళీ చదివింది. మెల్లగా టైపు చేసింది.

"నన్ను కట్టేశారా?"

అది మళ్ళీ రాసింది: "అక్క వాగులో పోయిందని అమ్మ చెప్పింది. ఇది చెప్పలేదు."

"నువ్వూ వాగులో పడతావని మీ అమ్మకు భయం," అని రాశాను. ఆ మాట చదివి, ఫోన్ నా ఒళ్ళో పెట్టి, సోమి మిషన్ వైపు తిరిగి సగంలో ఆగిన జాకెట్టు కుట్టడం మొదలుపెట్టింది. ఇనుప పెడల్ టకటకమని ఆ చిన్న గది అదిరిపోయేలా మోగుతోంది. ఆ చప్పుడు నేనొక్కదాన్నే వింటూ కూర్చున్నాను.