కంప లేని పూలతోట కోసం కడప ప్రయాణం

కర్నూలు రాజధాని అయ్యాక ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకడమే గగనమైంది. మాకు దొరికిన ఇంటికి పెరడు లేదు. గుమ్మం ముందు మురికికాలువ, అది దాటితే రోడ్డు వారగా రెండు మూరల మునిసిపాలిటీ నేల. అక్కడ కనకాంబరాలు, బంతి నాటి, బియ్యం కడిగిన నీళ్లు పోసి పెంచాను. మేకలు రాకుండా మా ఆయన వాటి చుట్టూ తుమ్మకంప పెట్టాడు. చెట్లు మొగ్గ తొడిగాయో లేదో మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"చెట్లు పెట్టుకోండప్పా, వద్దన్లేదు. కాలువ పూడిక తీసేదానికి జానెడు వదలాల. మోకాలెత్తు దాటకూడదు. కంప మాత్రం కుదర్దు, బడికి పొయ్యే పిల్లోళ్ల కాళ్లు చీరుకుపోతాండాయి. సోమవారం వస్తా. కంప ఉంటే చెట్లు కూడా పీకిస్తా" అని మా ఆయనతో చెప్పాడు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. కంప ఉంటే ఆయన పీకిస్తాడు, తీస్తే మేకలు పీకుతాయి.

కడపలో మా ఆడబిడ్డ సుబ్బమ్మ వదిన వీధిపక్కన కంప లేకుండానే పూలు పెంచుతోందని మా ఆయనకు గుర్తొచ్చింది. శనివారం తెల్లవారుజామునే బస్సెక్కాం. టికెట్టు మనిషికి నాలుగు రూపాయల చిల్లర. తొమ్మిదింటికి నంద్యాలలో బస్సు ఆగితే ఉగ్గాని, బజ్జీ తిన్నాం. అక్కడి నుంచి ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా దారి. అక్కడక్కడా కాలువ నీళ్లు మెరిసి మళ్లీ నల్లరేగడి, ఎండిన జొన్నచొప్ప. మధ్యాహ్నం రెండు దాటాక కడపలో దిగాం.

వదిన ఇంటి ముందు బంతిపూలు విరగబూసి ఉన్నాయి. అంతకంటే వింత, ఆ పక్కనే ఆమె మేకలు రెండు కట్టు లేకుండా తిరుగుతున్నాయి.

"ఇవి తినవా వదినా?" అన్నాను.

"యాడ తింటాయి! వాటి పెంటికలే నానబెట్టి, ఆ నీళ్లు ఆకుల మీద చల్లినా. మేక ఏమన్నా తింటాది గానీ తన పెంటిక వాసనొచ్చే ఆకు ముట్టదు. దానికుండే రోషం మా తమ్మునికి లేదు" అని మా ఆయన వైపు చూసి నవ్వింది.

మా వీధిలో మేకలవాళ్లను అడగాలంటే నాకు సిగ్గు. అందుకని వదిన దగ్గరే ఒక మూట కట్టించుకున్నాను. ఆదివారం తిరుగు బస్సులో కండక్టరు దాన్ని కాలితో తట్టి, "ఏమప్పా, శెనక్కాయలా? బస్సంతా పంచేది లేదా?" అన్నాడు. మా ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. చివరికి నేనే, "మేక పెంటికలన్నా. పంచమంటావా?" అన్నాను. బస్సంతా ఘొల్లుమంది. పరాయి మగవాడితో అంత గట్టిగా మాట్లాడటం నాకదే మొదలు.

ఇంటికి చేరగానే సగం పెంటికలు నానబెట్టాను. సోమవారం పొద్దున్నే మా ఆయన కంప తీసేశాడు, నేను ఆ నీళ్లు చల్లాను. ఆయన పనికి వెళ్లాక ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"మీ ఆయన్ని పిలువమ్మా."

"పనికి పోయినాడు సార్. నాతో చెప్పండి, చెట్లు నావి."

"స్థలం మునిసిపాలిటీది."

"స్థలం మీదే సార్. అందుకే కంప తీసేసినాం. జానెడు వదిలినాం, చూడండి."

"బాగుండాది. మరి మేకలు?"

సరిగ్గా అప్పుడే ఎదురింటి నల్లమేక వచ్చింది. అది కనకాంబరాన్ని వాసన చూసింది, తుమ్మింది. తల తిప్పుకుని పోయి ఇన్‌స్పెక్టరు సైకిలుకు వేలాడే సంచి నమలసాగింది. ఆయన దాన్ని అదిలించి, నవ్వి, "ఆ మందేందో పక్కిండ్లోళ్లకు కూడా చెప్పమ్మా, కంప పీకీ పీకీ సస్తాండా" అన్నాడు. చెట్ల మీద చెయ్యి వెయ్యకుండా వెళ్లిపోయాడు.

అప్పటిదాకా ఆ ఊళ్లో నేను అద్దెకున్న మనిషిని. ఆ రోజు నుంచి మా వీధి ఆడవాళ్లు నా గడప ముందు ఆగి, పూలు చూసి, పలకరించి పోతున్నారు. నేను కూడా తలుపు చాటున ఉండటం మానేశాను. మీరూ వీధిపక్కన తోట వెయ్యాలనుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: వాన పడితే వాసన పోతుంది, మర్నాడు మేకలకంటే ముందు మీరే లేచి మళ్లీ చల్లాలి.